కాటన్ ఇంటిపేరు చరిత్ర పటం: కాగితం బాగుంది, చరిత్ర సగమే ఉంది

ఇంటిపేరు చెప్తే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలు పెద్ద కాగితం మీద అచ్చేసి, పైన వంశచిహ్నం వేసి, ఫ్రేము కట్టి ఇచ్చే షాపులు ఇంగ్లండులో టూరిస్టులు తిరిగే ఊళ్ళలో కనిపిస్తుంటాయి. ఆన్‌లైన్‌లో అయితే బోలెడు. అలాంటి ఒక ఆన్‌లైన్ షాపులో ‘కాటన్’ అనే ఇంటిపేరుకి ఆర్డరు పెట్టాను. షాపు పేరు రాయడం లేదు. ఇలాంటి పటం ఎక్కడ కొన్నా చూసుకోవాల్సిన సంగతులు ఇవే.

కొన్నది మా మావయ్య కోసం. ఆలమూరు దగ్గర ఆయనది కాలవ కింద వరి సేద్యం. ఏటా మే 15న ఆర్థర్ కాటన్ జయంతికి విగ్రహానికి దండ వేసి వచ్చాకే ఆ రోజు మరో పని. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన మనిషిది అసలు ఏ ఊరు, ఏ వంశం అని ఎప్పటినుంచో నన్ను అడుగుతున్నాడు.

ముందు సరుకు సంగతి. కాగితం మందంగా, మీగడ రంగులో బాగుంది. అచ్చు ఎక్కడా అలుక్కుపోలేదు. అద్దం పగలకుండా వచ్చింది. ఫ్రేముతో కలిపి 30 పౌండ్ల పైమాటే అయినా ఆ పనితనానికి ఎక్కువనను.

ఇక చరిత్ర. మొదటి పేరా సరిగ్గానే ఉంది. మనవాళ్ళు చాలామంది అనుకున్నట్టు ఈ పేరుకి మూలం పత్తి కాదు. పత్తికి ఇంగ్లిషులో వాడే మాట అరబ్బీ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఇంటిపేరు మాత్రం పాత ఇంగ్లిషులో గుడిసె అనే అర్థమున్న ‘కాట్’ నుంచి పుట్టింది. గుడిసెలున్న చోటికి ఆ పేరు పడింది, ఆ చోటునుంచి వచ్చినవాళ్ళకి అదే ఇంటిపేరయింది. ఇంతవరకు భేష్.

తర్వాతే తేడా కొట్టింది. కాటన్‌లందరూ ఒకే చెట్టు కొమ్మలన్నట్టు రాసుకుపోయారు. కేంబ్రిడ్జ్‌షైర్‌లో కోటన్ ఉంది, సఫోక్‌లో కాటన్ ఉంది, స్టాఫర్డ్‌షైర్‌లో ఇంకో కాటన్, ష్రాప్‌షైర్‌లో మళ్ళీ కోటన్. మన దగ్గర కొత్తపల్లి వారంతా ఒక్క కుటుంబమైతే వీళ్ళూ అంతే! ఊళ్ళు వేరు, మనుషులు వేరు, పేరు మాత్రం కలిసింది. ఏ ఊరి కాటనో తేల్చకుండా వంశచరిత్ర అనడం నాకు మింగుడుపడలేదు.

బొమ్మ దగ్గర ఇంకా పెద్ద పొరపాటు. పటం మీద రెక్కలు చాచిన గద్దని వేసి ‘కాటన్ వంశచిహ్నం’ అని రాశారు. ఇంగ్లండు పద్ధతిలో ఇంటిపేరుకంటూ చిహ్నం ఉండదు. ఒక మనిషికి ఇస్తారు, అది ఆయన మగ సంతానం వరసలో దిగుతుంది. ఆ లెక్కలు చూడటానికే 1484లో పెట్టిన కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ లండన్‌లో ఇప్పటికీ ఉంది. ఆర్థర్ కాటన్‌ది కాంబర్‌మియర్ కాటన్‌ల శాఖ. వాళ్ళ చిహ్నంలో నీలం రంగు మీద తెల్లటి మూడు నూలు చిలపలు (నూలు చుట్టలు) ఉంటాయి. పేరుకీ పత్తికీ చుట్టరికం లేకపోయినా, శబ్దం కలిసిందని చిలపలే పెట్టుకున్నారు! ఫోన్లో ఈ మాట చెప్తే మావయ్య ఎంత సంబరపడ్డాడో. “గద్ద మనకెందుకురా, ఆ చిలపల బొమ్మ సంపాదించు” అన్నాడు.

ఆ శాఖ కథ ఎంత బాగుంటుందో! చెషైర్‌లోని కాంబర్‌మియర్ 1133లో పెట్టిన క్రైస్తవ సన్యాసుల మఠం. ఎనిమిదో హెన్రీ మఠాలన్నీ మూయించినప్పుడు 1538లో ఇదీ మూతపడింది, రాజు కొలువులో పనిచేసిన సర్ జార్జ్ కాటన్ చేతికొచ్చింది. 17వ శతాబ్దంలో వేల్స్ వైపు వారసురాలు హెస్టర్ సాల్స్‌బరీ ఆ ఇంటి కోడలవడంతో ‘సాల్స్‌బరీ కాటన్’ అని జంటపేరు కూడా నడిచింది. 1826లో భరత్‌పూర్ కోటని పట్టుకున్న జనరల్ స్టేపుల్టన్ కాటన్ మన దొరకి పెదనాన్న కొడుకు. 1919లో కాంబర్‌మియర్ ఆస్తి వాళ్ళ చేతుల్లోంచి పోయింది.

పటంలో వీటిలో ఒక్క ముక్క లేదు. ‘ప్రముఖ కాటన్‌లు’ అన్నచోట పాత రాతప్రతులు పోగుచేసిన సర్ రాబర్ట్ కాటన్ ఉన్నాడు. ఉండాల్సినవాడే, పాత ఇంగ్లిషు కావ్యం బేవుల్ఫ్ ప్రతి మనదాకా వచ్చింది ఆయన భద్రం చేసినందువల్లే. మూడుసార్లు బ్రిటిష్ ఓపెన్ పోటీ గెలిచిన గోల్ఫ్ ఆటగాడు హెన్రీ కాటన్ ఉన్నాడు. ఆర్థర్ కాటన్ లేడు. గోదావరి పుష్కరాల్లో మా రైతులు పిండప్రదానం చేసే మనిషి పేరు, ఆయన ఇంటిపేరు చరిత్రలోనే లేకపోతే నాకు నిజంగా బాధేసింది.

మెయిల్ పెడితే రెండు రోజుల్లో జవాబిచ్చారు, మర్యాదగానే. అచ్చు మూసలో ఉన్నదే ఇస్తారట, పేర్లు చేర్చరు, బొమ్మ మార్చరు. పేరు మీద తయారైన సరుకు కాబట్టి వాపసు లేదన్నారు.

గోడకి అందమైన పటం కావాలంటే కొనుక్కోండి. వంశం కావాలంటే మాత్రం అదే డబ్బు వేరేచోట పెట్టండి. ఇంగ్లండు, వేల్స్‌లలో 1837 జూలై నుంచి జనన మరణ వివాహాల ప్రభుత్వ నమోదు ఉంది, జనరల్ రిజిస్టర్ ఆఫీసు ఫీజు తీసుకుని నకళ్ళు పంపుతుంది. అంతకు ముందువి చర్చి రిజిస్టర్లలో దొరుకుతాయి, 1538లో రాయమని ఆజ్ఞ అయింది. ఇంగ్లండులోని చాలా పబ్లిక్ లైబ్రరీల్లో వంశవృక్షాల వెబ్‌సైట్లు డబ్బు కట్టకుండా చూడొచ్చు. వెతికేటప్పుడు ఇంటిపేరుతో పాటు ఊరు పట్టుకోండి, స్పెల్లింగ్ మాత్రం నమ్ముకోకండి.

కాగితం, ఫ్రేము: 5కి 4. చరిత్ర: 5కి 2. అమ్మాక ఇచ్చే సేవ: 5కి 1.