ఆర్చరీ సంఘం: వాలంటీర్లు నడిపితే మేలా, అకాడమీ నడిపితే మేలా?

వైజాగ్‌లో పిల్లల్ని ఆర్చరీలో చేర్పించే తల్లిదండ్రులు విల్లు ఖరీదు అడుగుతారు, కోచ్ ఎలాంటివాడో వాకబు చేస్తారు. జిల్లా జట్టును ఎంపిక చేసే సంఘం ఎవరి చేతుల్లో ఉందో మాత్రం అడగరు. జట్టు ఎంపికలో పేచీ వచ్చినప్పుడే ఆ సంగతి బయటికొస్తుంది. ఆ సంఘాన్ని మాజీ ఆటగాళ్లు, తల్లిదండ్రులు, ఉద్యోగస్తులు జీతం లేకుండా తలా ఓ చెయ్యి వేసి నడపొచ్చు. లేదా ఒక అకాడమీ యజమానే కార్యదర్శిగా కూర్చుని అన్నీ తానై నడపొచ్చు.

రెండో పద్ధతిలో సుఖం ఉంది, కాదనలేం. గ్రౌండు ఆయనదే, టార్గెట్లు ఆయనవే, ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఎప్పుడూ ఉంటాడు. వాలంటీర్ల సంఘంలో అలా కుదరదు. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు దిగి ఇంటికొచ్చిన మనిషి రాత్రి కూర్చుని పోటీలకు పిల్లల ఎంట్రీలు పంపాలి. చివరి తేదీ ముంచుకొస్తుంటే అందరికీ టెన్షనే.

కానీ పోటీ రోజు చూడండి. రికర్వ్‌లో, అంటే ఒలింపిక్స్‌లో వాడే రకం విల్లుతో ఆడే పోటీలో, 70 మీటర్ల దూరం, 122 సెంటీమీటర్ల టార్గెట్. అందులో పది పాయింట్ల వలయం వెడల్పు 12.2 సెంటీమీటర్లే. బాణం గీతను తాకితే ఎక్కువ పాయింటు ఇవ్వాలి. తాకిందా లేదా అని పేచీ వస్తే, ఎవరూ బాణం మీద చెయ్యి వెయ్యకుండా జడ్జిని పిలుస్తారు. ఆయన వంగి, ఈ పక్కనుంచీ ఆ పక్కనుంచీ చూసి చెప్పిందే ఖాయం. 72 బాణాలు వేశాక ఆ ఒక్క పాయింటుతోనే జట్టులో చోటు పోవచ్చు. ఆ జడ్జి, బాణం వేసిన పిల్లాడి దగ్గర నెలనెలా ఫీజు తీసుకునే అకాడమీ కోచే అయితే? ఆయన ధర్మంగానే చెప్పినా పక్క పిల్లాడి తల్లికి నమ్మకం కుదరదు.

వాలంటీర్లకూ సొంత పిల్లలుంటారు కదా అంటారు. ఉంటారు. అయితే పదిమంది ఉన్నచోట ఒకరు పక్కకి తప్పుకుంటే ఇంకొకరు కూర్చుంటారు. ఒక్కడే అన్నీ అయినచోట తప్పుకోవడానికి మనిషే లేడు. నా లెక్కలో తేడా అంతా ఇక్కడే ఉంది.

పెద్దల పేచీలకు మూల్యం చెల్లించేది ఆటగాళ్లే. జాతీయ స్థాయిలో రెండు వర్గాలు పోటాపోటీగా ఎన్నికలు పెట్టుకున్నందుకు 2019 ఆగస్టులో అంతర్జాతీయ సమాఖ్య వరల్డ్ ఆర్చరీ భారత సంఘాన్ని సస్పెండ్ చేసింది. ఆ నవంబరులో బ్యాంకాక్ ఆసియా ఛాంపియన్‌షిప్‌లో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ, అభిషేక్ వర్మతో కలిసి కాంపౌండ్ (కప్పీలుండే విల్లు) మిక్స్‌డ్ జోడీ స్వర్ణం గెలిచింది. అయినా మన జెండా కింద కాదు, తటస్థ జెండా కింద.

ఇంకోటి. అకాడమీ చూపు ఫీజు కట్టగలిగిన పిల్లల మీదే ఉంటుంది. ఇండియన్ రౌండ్ అనే మన దేశపు పోటీలో చెక్క విల్లుతో 30, 50 మీటర్లు వేసే ఆనందపురం, పద్మనాభం మండలాల పిల్లల కోసం ఆదివారం టార్గెట్లు మోసుకెళ్లేది వాలంటీర్లే.

అందుకే నా ఓటు వాలంటీర్ల సంఘానికే. కాకపోతే రిజిస్ట్రేషన్లు, రసీదులు చూసుకోవడానికి పార్ట్‌టైమ్‌గా ఒక మనిషిని జీతానికి పెట్టుకోవాలి, ఆ పని ఉచితంగా ఏళ్ల తరబడి ఎవరూ చెయ్యలేరు. కోచ్‌లు సలహా చెప్పొచ్చు, ఎంపిక కమిటీలో మాత్రం కూర్చోకూడదు. స్కోరు షీట్లు పోటీ రోజు సాయంత్రమే అందరికీ కనబడేలా గోడకు అంటించాలి. ఈసారి జనరల్ బాడీ మీటింగుకి వెళ్లి ఈ మూడూ అడగండి.