కాణీల మట్టి వదిలించిన లిక్విడ్ పారఫిన్

పత్తికొండలో మా తాతల నాటి మట్టిమిద్దె పడగొట్టాక, తమ్ముడు మెటల్ డిటెక్టర్ తెచ్చి పెరడంతా తిప్పాడు. చింతచెట్టు మొదట్లో ఆరు నాణేలు దొరికాయి. నేలలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి చట్టం చెబుతుంది. వాడు ముందు ఆ కాగితం ఇచ్చి వచ్చాడు. శుభ్రం చేసే పని నాది.

మొదటిదాన్ని కర్నూలులో పూత వేసే ఒక షాపులో ఇచ్చి తప్పు చేశాను. యాసిడ్‌లో ముంచి పది నిమిషాల్లో ఇచ్చారు. కొత్త చెంబులా ఎర్రగా మెరిసింది గానీ అక్షరాలు సగం పోయాయి. చాలా బాధేసింది. అవ్వ చెప్పినట్టు చింతపండుతో తోమినా జరిగేది అదే, పులుపు రాగిని తినేస్తుంది.

మిగతా ఐదింటికి మెడికల్ షాపులో లిక్విడ్ పారఫిన్ తెచ్చాను. మలబద్ధకానికి తాగిస్తారే, అదే. దీనికి వాసన లేదు, పులుపు లేదు, లోహాన్ని ముట్టుకోదు. ముందు రెండు రోజులు డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రోజూ నీళ్లు మార్చాను. మా బోరు నీళ్లు వాడలేదు, వాటిలోని ఉప్పు రాగికి పచ్చటి బూజు తెప్పిస్తుంది. బ్యాటరీ షాపులో నీళ్లు అడిగేటప్పుడు క్యాన్ మీద చదివి తీసుకోండి, యాసిడ్ కూడా అక్కడే అమ్ముతారు. బాగా ఆరాక గాజు సీసాలో పారఫిన్ పోసి వేశాను. వారానికోసారి తీసి, చెక్కిన వెదురుపుల్లతో మట్టిని మెల్లగా గీరాను.

తొమ్మిదో వారం ఒకదాని మీద రెండు సింహాలు, కింద 1835 కనిపించాయి. ఈస్టిండియా కంపెనీ పావు అణా! ముదురు గోధుమ రంగు అలాగే నిలిచింది. ఆ రంగు పోతే నాణెం పాతదనమే పోతుంది. 1944 నాటి చిల్లు కాణీ ఇంకా తొందరగా, మూడు వారాలకే తేలింది.

ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. గట్టిపడిన సున్నం పెచ్చును ఇది కదిలించలేదు. లేతాకుపచ్చ పొడి రాలే నాణేన్ని కూడా బాగుచేయదు, అలాంటిదాన్ని వేరే డబ్బాలో పెట్టాలి, నేను అలాగే పెట్టాను. నూనె తుడవడానికి పాత నూలు పంచె ముక్క చాలు. సున్నం పట్టిన ఆ ఒక్కటీ ఇంకా సీసాలోనే ఉంది, ఆదివారం మళ్లీ తీసి చూడాలి.