నలిగిన వేళ చేతిలో ఏ తెలుగు బైబిలు? పాత అనువాదం, ఫోన్ యాప్, వాగ్దాన కార్డు: ఒక సమీక్ష

ఉద్యోగం పోయినవాడు బంధువుల పెళ్ళికి వెళ్ళడానికి జంకేది ఒక్క ప్రశ్నకే: "ఇప్పుడేం చేస్తున్నావు?" భర్త పోయిన ఆవిడకు, పిల్లలు కలగని ఇల్లాలికి, మూడోసారి గ్రూప్స్ తప్పిన కుర్రాడికి ఊరు పెట్టే పేరు కూడా ఆ లోటు పేరే. కొన్నాళ్ళకు వాళ్ళు కూడా తమను తాము ఆ పేరుతోనే పిలుచుకోవడం మొదలుపెడతారు. క్రైస్తవ విశ్వాసం ఆ సమయంలో ఇచ్చే జవాబు చాలా గట్టిది: నీ గుర్తింపు నీ లోటు కాదు, నువ్వు దేవుని బిడ్డవు. దాన్ని చేతికందించే సాధనాలు మాత్రం అన్నీ ఒక్కలా పనిచేయవు. తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో మామూలుగా కనిపించే మూడింటిని ఇక్కడ చూద్దాం: బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా వారి పాత అనువాదం, యూవర్షన్ బైబిల్ యాప్, డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకునే వాగ్దాన కార్డు.

ముందు కార్డు సంగతి. దాని మీద ప్రేమతోనే ఈ మాట అంటున్నాం. పర్సులో పట్టేంత అట్టముక్క, మీద ఒక్క వచనం. ఎక్కువగా కనిపించే వాటిలో యిర్మీయా 29:11 ఒకటి: దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావన్న మాట. నిజమైన మాటే. కానీ అది బబులోనుకు చెరపట్టుకుపోయిన వాళ్ళకు రాసిన ఉత్తరంలోది. దాని పై వచనంలోనే 70 ఏళ్ళు అక్కడే ఉంటారని ఉంది. అంటే అది విన్న పెద్దవాళ్ళలో చాలామంది ఇల్లు చూడకుండానే కన్నుమూయాలి. 5, 6 వచనాల్లో ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి అని ఉంటుంది. కార్డులో ఇదంతా ఉండదు. అందుకే జనవరిలో ధైర్యమిచ్చిన కార్డు, జూన్ నాటికి పరిస్థితి ఇంకా దిగజారితే, "నా విశ్వాసమే చాల్లేదేమో" అనే నింద అయి కూర్చుంటుంది. కార్డు పారేయక్కర్లేదు. తీసుకున్న రాత్రే ఆ అధ్యాయం మొత్తం చదవాలి. యిర్మీయా 29లో ఉన్నవి 32 వచనాలే, పది నిమిషాల పని. కార్డు వెనక పెన్సిలుతో ఎవరికి, ఎప్పుడు, ఏ స్థితిలో చెప్పిన మాటో ఒక్క వాక్యం రాసుకోండి. అప్పుడది వాగ్దానంగా నిలబడుతుంది.

ఇక పాత అనువాదం. నల్ల అట్ట, ఉల్లిపొర లాంటి కాగితం, "యున్నాను, యుందును" అనే గ్రాంథికం. కష్టంలో ఉన్నవాళ్ళకు ఇంత పాత భాష ఎందుకని కొత్తవాళ్ళు అడుగుతారు. యెషయా 43 తెరిస్తే కారణం తెలుస్తుంది. "పేరుపెట్టి నిన్ను పిలిచియున్నాను నీవు నా సొత్తు." ఆ "పిలిచియున్నాను"లో పిలుపు జరిగిపోయింది, దాని ఫలితం ఇప్పటికీ నిలిచే ఉంది అన్న రెండు అర్థాలూ ఉన్నాయి. వాడుక భాషలో "పిలిచాను" అనేసరికి రెండోది కొంత జారిపోతుంది. ఆ తరువాతి వచనం "నీవు జలములలో బడి దాటునప్పుడు" అంటుంది. నీళ్ళు వస్తే అనలేదు, దాటేటప్పుడు అంది. నీళ్ళు వచ్చాయంటే దేవుడు తనను వదిలేశాడనుకునే మనిషికి ఈ ఒక్క క్రియ చాలా అవసరం.

అయితే పాత అనువాదంలో కొన్ని మాటలు నేటి పాఠకుణ్ణి తప్పుదారి పట్టిస్తాయి. ఇవి ముందే తెలియకపోతే గుర్తింపు గురించిన భాగాలే సరిగా అందవు. కీర్తన 42లో రాసినవాడు తన ప్రాణాన్నే "నాలో నీవేల తొందరపడుచున్నావు?" అని అడుగుతాడు. అక్కడ తొందర అంటే హడావుడి కాదు, కలత, కలవరం. "నిరీక్షణ" అంటే ఊరికే ఎదురుచూడటం కాదు, నెరవేరుతుందన్న భరోసాతో కూడిన ఆశ. "సమాధానము" చాలాచోట్ల జవాబు కాదు, శాంతి. ఎఫెసీ 1:14లోని "సంచకరువు" చాలామంది అర్థం తెలియకుండానే దాటేసే మాట. ఇల్లు కొనేటప్పుడు మనం ఇచ్చే బయానా అన్నమాట. మూల గ్రీకు మాట కూడా బజారుదే. బయానా ఇచ్చినవాడు మాట తప్పితే ఆ సొమ్ము తనకే నష్టం. దేవుడు తన ఆత్మనే బయానాగా ఇచ్చాడని ఈ ఉత్తరం రాసిన పౌలు అంటున్నాడు. ఈ బేరం మధ్యలో ఆగదన్న హామీ అది.

అన్నిటికంటే ముఖ్యమైన తిరకాసు రోమా 8:15లో ఉంది: "అబ్బా తండ్రీ అని మొఱ్ఱపెట్టుచున్నాము." తెలుగువాడికి "అబ్బా" అంటే దెబ్బ తగిలినప్పుడు నోటివెంట వచ్చే మూలుగు. కానీ అది అరమాయిక్ భాషలో తండ్రిని పిలిచే పిలుపు. ఆశ్చర్యమేమిటంటే ఇదే మాటను గలతీ 4:6లో అనువాదకులు "నాయనా" అన్నారు. రెండు చోట్లా వేలుపెట్టి పక్కపక్కన చదవండి. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రాణం క్రుంగిపోయినప్పుడు తండ్రిని పిలిచిందీ ఈ మాటతోనే (మార్కు 14:36). కన్నకొడుకు వాడిన పిలుపునే విశ్వాసి నోట పెట్టారు. అందుకే రోమా 8:15 చదివేటప్పుడు పక్క అంచులో "నాయనా" అని చిన్నగా రాసుకోమని మా సలహా. ఎంత తేడా వస్తుందో చదివితే మీకే తెలుస్తుంది.

అదే వచనంలో "దత్తపుత్రాత్మ" ఉంది. మన ఇళ్ళలో "పెంచుకున్న పిల్లాడు" అన్న మాటలో ఒక మెట్టు దిగువ అన్న ధ్వని వినిపిస్తుంది. పౌలు కాలపు రోమా చట్టంలో దత్తత పొందినవాడు కొత్త తండ్రి ఇంటి పేరుకూ ఆస్తికీ పూర్తి హక్కుదారు. మన దేశంలో 1956 నాటి హిందూ దత్తత చట్టం కూడా దత్తత తేదీ నుంచి ఆ బిడ్డను అన్ని విషయాల్లోనూ ఆ తల్లిదండ్రుల బిడ్డగానే చూస్తుంది. 17వ వచనం అందుకే వెంటనే "వారసులము" అంటుంది. శ్రమ మాట కూడా అదే వచనంలో వస్తుంది. వారసత్వమూ శ్రమా ఒకే వాక్యంలో ఉన్నాయి గనుక, శ్రమ వచ్చింది కాబట్టి ఇంట్లోంచి గెంటేశారన్న లెక్క చెల్లదు.

1 పేతురు 2:9, 10 గురించి ఒక్కమాట చెప్పకుండా ముందుకు పోలేం. "ఒకప్పుడు ప్రజలుగా ఉండక యిప్పుడు దేవుని ప్రజలైతిరి." కులం పేరే తిట్టుగా వినిపించిన నేల మనది. 1876-78 కరువు తరువాత, 1878 జూలై 3న, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో చాలామంది మాదిగలు. బాప్తిస్ట్ మిషనరీ జాన్ క్లౌ కరువు రోజుల్లో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో వాళ్ళకు కూలి పని చూపించాడు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని సహాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపాడు. అలాంటి జనానికి "ఏర్పరచబడిన వంశము" అన్న మాట ఎంత బరువైనదో ఊహించండి. ఈ వచనాన్ని అందమైన ఫ్రేము కట్టి గోడకు తగిలించి ఊరుకునేవాళ్ళు ఈ చరిత్ర ఒకసారి తలచుకోవాలి.

యాప్ విషయానికొస్తే, 2008లో వచ్చిన యూవర్షన్ ఉచితం. తెలుగులో పాత అనువాదంతో పాటు ఇండియన్ రివైజ్డ్ వెర్షన్, సమకాలీన అనువాదం, పవిత్ర బైబిల్ ఉన్నాయి. దీని అసలు ఉపయోగం పోల్చి చూడటంలో ఉంది. వచనం మీద వేలు పెడితే కింద పోల్చే సదుపాయం కనిపిస్తుంది. పాత అనువాదంలో అర్థం కాని వచనాన్ని ఇండియన్ రివైజ్డ్ వెర్షన్‌లో చూడండి, వాక్యం దాదాపు అదే దారిలో నడుస్తూ నేటి తెలుగులో ఉంటుంది. మొదటిసారి బైబిలు పట్టినవాళ్ళకు పవిత్ర బైబిల్ తేలిక. కాకపోతే విడమరిచి చెప్పే అనువాదం కాబట్టి, మాట మాటా పట్టి చదవాలంటే దాని మీద ఆధారపడలేం. ఏడ్చి కళ్ళు మండుతున్న రాత్రి చదవలేనప్పుడు, ధ్వని ఉన్న అనువాదాల్లో స్పీకర్ గుర్తు నొక్కి వినొచ్చు. ఇక లోపం: రోజూ గంట కొట్టి వచ్చే "నేటి వచనం" కూడా వాగ్దాన కార్డు లాంటిదే, ముందూ వెనకా ఉండదు. పైగా అదే ఫోన్లో అప్పులవాడి మెసేజి, మాజీ సహోద్యోగి పదోన్నతి ఫోటో వస్తాయి. చదివే ఇరవై నిమిషాలూ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, అవసరమైన అనువాదాన్ని ముందే దించుకుని ఉంచండి.

చదివే వరుస చాలా ముఖ్యం. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. గాయం పచ్చిగా ఉండగానే "నీవు నూతన సృష్టివి" అని మొదలుపెడితే అది అబద్ధంలా వినిపిస్తుంది. మొదటి వారం కీర్తనలు 13, 42, 88 చదవండి, బిగ్గరగా. 88వ కీర్తన "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని అక్కడే ఆగిపోతుంది. ఓదార్పు వాక్యం ఒక్కటీ చివర్లో తగిలించలేదు. అలాంటి ప్రార్థన కూడా లేఖనంలో ఉందంటే, అలా మొరపెట్టినవాడు దేవుని పిల్లల లెక్కలో ఉన్నాడనే అర్థం. రెండో వారం యెషయా 43:1-7, రోజూ అదే భాగం. మూడో వారం నుంచి ఎఫెసీ 1:3-14, రోజుకో వచనం, పన్నెండు రోజులు.

ఈ పన్నెండు రోజులకూ రూళ్ళ నోటుబుక్కు ఒకటి కావాలి. పేజీ మధ్యలో గీత గీయండి. ఎడమవైపు ఆ వచనంలో దేవుడు చేసిన పని క్రియతో సహా రాయండి: ఏర్పరచుకొనెను, అనుగ్రహించెను, ముద్రింపబడితిరి. కుడివైపు ఈ మధ్య జనం మీకు పెట్టిన పేరు, మీకు మీరే పెట్టుకున్న పేరు, దాచకుండా రాయండి. "క్రీస్తునందు", "ఆయనయందు" అన్న మాట కనిపించినప్పుడల్లా సున్నా చుట్టండి. నాలుగైదు రోజులయ్యేసరికి ఒక సంగతి కళ్ళకు కడుతుంది: ఎడమవైపు క్రియల్లో మీరు చేయాల్సింది దాదాపు ఏదీ లేదు. ఎఫెసీ పత్రిక, అంటే ఆ ఉత్తరం, మొదటి మూడు అధ్యాయాల్లో ఉన్న ఆజ్ఞ ఒక్కటే, 2:11 దగ్గర మొదలయ్యే వాక్యంలోని "జ్ఞాపకము చేసికొనుడి". ఇలా నడవండి, అలా ఉండండి అన్న మాటలన్నీ నాలుగో అధ్యాయం నుంచే. చాలామంది నాలుగుతో మొదలుపెడతారు. అలా చదివినవాళ్ళకు మంచిగా నడిస్తేనే నేను దేవుని బిడ్డను అన్న భావం స్థిరపడి, పడిపోయిన రోజున గుర్తింపు కూడా పోతుంది. పైగా ఈ మాటలు రాసినవాడు తననే "ఖైదీ" అని పరిచయం చేసుకున్నాడు (3:1). సంకెళ్ళలో ఉండి "ప్రతి ఆశీర్వాదము" గురించి రాశాడు.

ఇంకో పొరపాటు, వచనాలను మందుకు బదులు వాడటం. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త చచ్చిపోతే బాగుండునని బదరీవృక్షం కింద పడుకున్నాడు. దూత ముందు ప్రసంగం చెప్పలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పము, నీళ్ళు ఇచ్చాడు. తిని నిద్రపోయాడు, మళ్ళీ లేపి తినిపించాడు. హోరేబు కొండ దగ్గర దేవుని నిమ్మళమైన స్వరం వినిపించింది నలభై రోజుల నడక తరువాత. రెండు వారాలైనా నిద్ర, ఆకలి తిరిగి రాకపోయినా, చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మాత్ర వేసుకున్నందుకు విశ్వాసం తక్కువైపోదు. అలా అనే వాళ్ళ మాట పట్టించుకోకండి.

కొనేటప్పుడు చూడాల్సినవి కొన్నే. ఈ పనికి పెద్ద అక్షరాల ప్రతి మేలు. చిన్న సైజు సంచిలో బాగుంటుంది గానీ కన్నీళ్ళతో చదవలేం. అంచుల్లో గాట్లున్న ఇండెక్సు ప్రతి అయితే కొత్తవాళ్ళకు పుస్తకాలు వెతుక్కునే ఇబ్బంది తప్పుతుంది. జిప్పు అట్ట వానలో, బస్సు ప్రయాణంలో కాపాడుతుంది. యేసు మాటలు ఎర్ర సిరాలో ఉన్న ప్రతి ఈ చదువుకు తప్పనిసరేం కాదు. బాల్‌పెన్ను గాని తడి హైలైటరు గాని వాడకండి, అవతలి పేజీకి దిగుతుంది. మెత్తటి పెన్సిలో రంగు పెన్సిలో చాలు. దుకాణంలో కీర్తనల దగ్గర తెరిచి బల్లమీద పెట్టి చూడండి. పుటలు వాటంతటవే మూసుకుపోతుంటే కుట్టు బిగువుగా ఉందన్నమాట, రాసుకుంటూ చదవడానికి ఇబ్బంది. దుఃఖంలో ఉన్నవాళ్ళకు కానుకగా ఇస్తుంటే లోపలి అట్ట మీద వచనం రాయకండి. వాళ్ళ పేరు పూర్తిగా, ఇంటి పేరుతో సహా రాసి, యెషయా 43 దగ్గర రిబ్బను పెట్టి ఇవ్వండి.