స్లావుల 'బోగ్': సొంత మాటా, అరువు మాటా?

రష్యన్‌లో థాంక్స్ చెప్పాలంటే 'స్పసీబో' అంటారు. 'దేవుడు కాపాడుగాక' అనే 'స్పసీ బోగ్' నలిగి నలిగి అలా మిగిలింది. దేవుణ్ని రష్యన్, సెర్బియన్, బల్గేరియన్ మూడింటిలోనూ 'బోగ్' అనే రాస్తారు. చెక్ వాళ్లు 'బూహ్' అంటారు. మనకి వెంటనే 'భగవంతుడు' గుర్తొస్తాడు. చుట్టరికం నిజమే, కానీ ఆ మాట సంస్కృతం నుంచి వెళ్లిందనుకుంటే పొరపాటు. ఈ భాషలు మాట్లాడే స్లావులకి అది తాతల ఆస్తిగా వచ్చిందా, ఇరుగుపొరుగు ఇరానీ భాషల నుంచి అరువు తెచ్చుకున్నారా అన్నదే ప్రశ్న.

సొంతమనేవాళ్లు చూపించేది దాని సంతానాన్ని. మూలధాతువుకి అర్థం పంచిపెట్టడం. మన భాగం, భాగ్యం కూడా అక్కడివే. పోలిష్‌లో 'బొగాతి' అంటే ధనవంతుడు, 'ఉబోగి' అంటే పేదవాడు, 'జ్బోజె' అంటే ధాన్యం. చెక్‌లో 'జ్బోజీ' అంటే షాపులో అమ్మే సరుకు. వీటిలో దేవుడు లేడు, వాటా ఉంది, సంపద ఉంది. పైగా 'ఉబోగి'లో 'ఉ' స్లావుల సొంత ఉపసర్గ. అరువు మాటకి ఇంత సంసారం ఉంటుందా అంటారు.

ఎందుకుండదు? మన 'అభాగ్యురాలు' చూడండి. మాట సంస్కృతానిది, చివరి 'ఆలు' మనది.

అరువు వాదానికి బలం ఎక్కువనిపిస్తుంది నాకు. నల్లసముద్రానికి ఉత్తరాన ఇరానీ భాషలు మాట్లాడే సిథియన్లు, సర్మేషియన్లు ఉండేవాళ్లు. డాన్ నది పేరు కూడా వాళ్లదే. పర్షియా చక్రవర్తి దరియస్ శాసనాల్లో, వాళ్ల పెద్దదేవుడు అహురమజ్ద 'బగ', అంటే దేవుడు. అటు లిథువేనియన్లు మన 'దేవ'కి తోబుట్టువైన 'దియెవస్'నే నిలుపుకున్నారు. ఇరానీయులు 'దేవ'ని దయ్యం చేసి 'బగ'ని పైకెత్తారు. స్లావుల దేవుడూ ఆ పక్కకే వచ్చాడు.

అసలు చిక్కు ధ్వనిలో ఉంది. బాల్టిక్ (లిథువేనియన్ లాంటివి), స్లావిక్ భాషల్లో ఒత్తులేని గ, ద, బల ముందు హ్రస్వం దీర్ఘమైందని 1970ల్లో భాషాశాస్త్రవేత్త వెర్నర్ వింటర్ ఒక సూత్రం చెప్పాడు. ఈ ధాతువు చివర ఉన్నది ఒత్తులేని 'గ'నే. స్లావిక్‌లో పాత హ్రస్వ 'అ' 'ఒ' అయింది, పాత దీర్ఘం 'అ'గా మిగిలింది. అంటే సొంత మాటైతే 'బగ్' అని ఉండాలి. ఈ సూత్రం అన్ని చోట్లా పనిచేయదనే పండితులూ ఉన్నారు, నిజమే.

మాట సొంతం, 'దేవుడు' అనే అర్థం మాత్రమే అరువు అని మధ్యేమార్గం చెప్పేవాళ్లున్నారు. వినడానికి బాగుంటుంది. కానీ అప్పుడు పోలిష్ ధనవంతుడు 'బగాతి' కావాలి, 'బొగాతి' కాదు.