ల్యాబ్ పనితనం నిలవాలంటే: కాగితమా, మనిషా?

ఖర్చు: రాసిపెట్టడం చవక. మనిషిని నిలుపుకోవాలంటే ఏళ్ల తరబడి జీతం, పక్కన నేర్చుకునేవాడు కూడా.

శ్రమ: రాయడం విసుగు, వాయిదా పడుతుంది. నేర్పడం పనిలో పనిగా సాగుతుంది.

రిస్క్: అసలు గొడవ ఇక్కడే. 1970ల్లో టీఈఏ లేజర్‌ను (ఒక రకం గ్యాస్ లేజర్) కేవలం పరిశోధన పేపర్లు చదివి ఎవరూ పనిచేయించలేకపోయారని సామాజికవేత్త హ్యారీ కాలిన్స్ గమనించాడు. మనిషినే నమ్ముకున్నా ముప్పే. అమెరికా అణ్వాయుధాల్లో వాడే ఫాగ్‌బ్యాంక్ అనే పదార్థం తయారీ ఆగాక తెలిసినవాళ్లు రిటైరయ్యారు, రికార్డులేమో అరకొర. 2000ల్లో మళ్లీ చేయబోతే ఏళ్లు పట్టింది. పాత ముడిసరుకులోని ఒక మలినమే కీలకమట. అది పాతవాళ్లకూ తెలియదు!

రోజూ నడిచే పనికి మనుషులే మేలు. ఆపేయబోయే పనికైతే, వాళ్లు వెళ్లేలోపే ప్రతి చిన్న వివరం రాయించాలి.