వానికాని రివ్యూ: మిషన్‌కి డబ్బులు పెట్టండి, కథలు మీరే అల్లుకోండి

ముందే చెప్పేస్తున్నా, జపనీస్ రాతలో వాడే కాంజీ గుర్తులు నేర్పే వానికాని అనే ఈ సైట్‌కి నేనిచ్చేది అయిదుకి మూడున్నర. మిగతా ఒకటిన్నర ఎక్కడ పోయిందో చెప్పడానికే ఇంత రాస్తున్నా, ఎందుకంటే కొనే ముందు నేను చదివిన రివ్యూలన్నీ ఇంట్లో కూడా ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళు రాసినవి, వాళ్ళకి ఆ ఒకటిన్నర కనపడే అవకాశమే లేదు. హనమకొండలో కూర్చుని, తెలుగులో ఆలోచిస్తూ, ఇంగ్లిష్ మీదుగా జపనీస్‌కి పోయేవాళ్ళ సంగతి వేరు.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. జపనీస్‌లో హిరగాన, కటకాన అని రెండు వరుసల అక్షరాలుంటాయి, ఒక్కో వరుసలో మూల అక్షరాలు 46, గుణింతాలూ ఒత్తులూ దాటొచ్చినవాళ్ళకి అదేం పెద్ద లెక్క కాదు. అసలు టెన్షన్ కాంజీతో మొదలవుతుంది. చైనా నుంచి వచ్చిన గుర్తులవి, 2010లో జపాన్ ప్రభుత్వం సవరించిన జాబితా ప్రకారం రోజువారీ వాడకానివే 2136. చాలావాటికి జపాన్ వాళ్ళ సొంత పలుకు ఒకటి, చైనా నుంచి అరువు తెచ్చుకున్న పలుకు ఇంకొకటి, కొన్నిటికి ఇంకా ఎక్కువ. బతకడం, పుట్టడం అనే అర్థమున్న ఒక్క కాంజీకే పదికి పైగా పలుకులున్నాయి, అది చూసిన రోజు ఎవరికైనా పుస్తకం మూసేయాలనిపిస్తుంది.

మా చిన్నమ్మ బిడ్డ నర్సింగ్ చేసింది, జపాన్‌లో ముసలివాళ్ళని చూసుకునే కేర్ వర్కర్ ఉద్యోగానికి ప్రయత్నిస్తోంది. విదేశీ ఉద్యోగాలకి పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా మన దగ్గర నుంచి నర్సింగ్ వాళ్ళు జపాన్ పోతున్నారు కదా, అప్పటి నుంచి నర్సంపేట, ములుగు, పరకాల పిల్లల్లో కూడా జపనీస్ మాట వినపడుతోంది. ఆ ఉద్యోగం వీసాకి జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో ఎన్4 స్థాయో, దానికి సమానమైన ఇంకో పరీక్షో పాస్ కావాలి, కేర్ పనికి సంబంధించిన భాషా పరీక్ష అదనం. తను చేరిన కోచింగ్‌లో జిరాక్స్ కాగితాలిచ్చి ఒక్కో కాంజీ పేజీ నిండా రాసుకురమ్మన్నారు. చేతులు నొప్పి పుట్టడం తప్ప అందులో లాభం పెద్దగా లేదు, పైగా జేఎల్‌పీటీలో చేత్తో రాయించరు, అన్నీ ఇచ్చిన జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలే. అలా నా అకౌంట్‌లో తను కూడా పక్కన కూర్చుని చూడటం మొదలైంది, ఈ రివ్యూలో సగం బుర్ర తనది.

వానికాని అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఉన్న టోఫుగు వాళ్ళది. 60 లెవెళ్ళు, సుమారు రెండు వేల కాంజీలు, ఆరు వేల పైచిలుకు మాటలు. ముందు చిన్న చిన్న ముక్కలు నేర్పిస్తారు, ఆ ముక్కలు కలిపి కాంజీ, ఆ కాంజీలు కలిపి మాటలు. ప్రతిదానికీ ఒక పిచ్చి కథ ఉంటుంది, అదే నిమోనిక్. నేర్చుకున్నాక నాలుగు గంటలకి అడుగుతుంది, తర్వాత ఎనిమిది గంటలకి, ఒక రోజుకి, రెండు రోజులకి, వారానికి, రెండు వారాలకి, నెలకి, చివరికి నాలుగు నెలలకి. అప్పుడు కూడా చెప్పగలిగితే ఆ కాంజీ కాలిపోయినట్టు లెక్క, మళ్ళీ అడగదు. మధ్యలో తప్పు చెబితే కిందకి దిగిపోతుంది. పైన మిషన్ అన్నది దీన్నే, ఈ లెక్క మాత్రం అద్భుతం, ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఈ రోజు ఏం చదవాలి, ఏది ముందు, ఏది వెనక అన్న తలనొప్పి మొత్తం అదే చూసుకుంటుంది. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగేలోపు పేరుకున్న రివ్యూలన్నీ, అంటే అది మళ్ళీ అడిగే ప్రశ్నలన్నీ, ఫోన్ బ్రౌజర్‌లోనే అయిపోతాయి, మధ్యలో సిగ్నల్ పోకపోతే.

ఇక కథల దగ్గరికి వద్దాం.

కాంజీ ముక్కలకి వాళ్ళు పెట్టిన పేర్లు చాలావరకు వాళ్ళ సొంతం, అసలు నిఘంటువులో ఉండే పేర్లు కావు. చదువు అనే కాంజీ పైభాగాన్ని వైకింగ్ అంటారు, ఇంకో మూడు గీతల ముక్కని ట్రైసెరటాప్స్ అంటారు. అమెరికాలో పెరిగినవాడికి చిన్నప్పటి బొమ్మల పుస్తకం దగ్గర నుంచి ఈ రెండూ కళ్ళ ముందే ఉంటాయి. మా చెల్లి తెలుగు మీడియంలో చదివింది, "ఎవడు అన్నా ఈ వైకింగ్?" అని అడిగింది, బొమ్మల్లో కొమ్ముల టోపీతో కనపడే పడవ దొంగల గురించి నేను చెప్పి, యూట్యూబ్‌లో చూపించి, ఆ టోపీ కింద పిల్లవాడుంటే చదువు అని వివరించేసరికి ఆ కథకన్నా కాంజీనే తేలిగ్గా ఉందని తేలింది. గుర్తు పెట్టుకోవడానికి ఇచ్చిన కథనే ముందు గుర్తు పెట్టుకోవాల్సి వస్తే ఇంకెందుకది? నాకు ఇంగ్లిష్ బాగానే వచ్చు, ఆఫీసులో రోజంతా అందులోనే పని, అయినా కథ చదివి నవ్వు రావడానికీ, అర్థమై తల ఊపడానికీ తేడా ఉంటుంది. నిమోనిక్ పని చేసేది నవ్వొచ్చినప్పుడే. అర్థమైనంత మాత్రాన నాలుగు నెలల తర్వాత గుర్తుండదు.

పలుకుల దగ్గర ఇంకో చిక్కు. కోఽ అనే దీర్ఘం పలుకు వచ్చినప్పుడల్లా కోయిచి అనే మనిషిని, ఇంకో పలుకుకి మిసెస్ చో అనే ఆవిణ్ణి కథలోకి తెస్తారు. ఐడియా మంచిదే, ఒకే మనిషి పది కథల్లో కనపడితే పలుకు దానంతటదే వస్తుంది. కానీ ఇంగ్లిష్‌లో ఒ, ఓ అని హ్రస్వ దీర్ఘాలకి వేరే అక్షరాలు లేవు, జపనీస్‌లో ఆ తేడాతో అర్థమే మారిపోతుంది. కొకొ అంటే ఇక్కడ, కోకో అంటే హైస్కూలు. ఒబసన్ అంటే అత్తో పిన్నో, ఒబాసన్ అంటే అమ్మమ్మ. ఇంగ్లిష్ వాళ్ళు దీన్ని పట్టుకోవడానికి కిందామీదా పడతారు, మనకి ఒకటో తరగతిలోనే అయిపోయిన పని. అలాంటప్పుడు ఆ సౌకర్యాన్ని వదిలేసి వాళ్ళ ఇబ్బందిని అప్పు తెచ్చుకోవడం ఏంటి?

అందుకే పలుకులకి తెలుగు పాత్రలు పెట్టుకున్నాం. కో దీర్ఘం వస్తే కోడి, కొ పొట్టిగా వస్తే కొడవలి. కన్ అంటే మక్క కంకి. తో అంటే తోట. సే అంటే సేమియా. ఇక కథలు వాటంతటవే పుట్టాయి. వెండి అనే కాంజీ పలుకు గిన్, అంటే వెండి గిన్నె, చెప్పడానికి కథ కూడా అక్కర్లేదు. పోవడం అనే కాంజీకి ఒక పలుకు కో. ఈ రెండూ పక్కపక్కన పెడితే గిన్‌కో, అంటే బ్యాంకు. వెండి గిన్నె ముక్కున కరుచుకుని కోడి తాకట్టు పెట్టడానికి బ్యాంకుకి పోతోంది. ఇది మా చెల్లి కట్టిన కథ, వానికాని సైట్‌లో ఇంత బాగా అతికిన కథ నాకైతే కనపడలేదు.

కొండకి యమ అంటారు, ఆ కాంజీ మూడు కొనలతో కిరీటంలా ఉంటుంది, యముడి కిరీటం, అయిపోయింది. చేతికి తె, తెచ్చేది చేత్తోనే కదా. కుక్క కాంజీ ఇంకా మజా, పెద్ద అనే కాంజీ భుజం పైన ఒక చుక్క పెడితే కుక్క, పలుకేమో ఇను, ఎంత చెప్పినా ఇనని కుక్క. మూడు చెట్లు కలిస్తే అడవి, దాన్ని మొరి అంటారు, మన వీధుల్లో ఉండే మోరి వెంటనే తట్టింది కానీ అది దీర్ఘం, పనికిరాదు, దాని బదులు ఆ ఇనని కుక్కనే అడవిలోకి తోలి మొరిగించాం. పువ్వుకి హన. బతుకమ్మ పండగ మొదటి రోజు ఎంగిలిపూలకి వేయిస్తంభాల గుడి దగ్గర ఎన్ని పూలు చేరతాయో చూసినవాళ్ళకి హనమకొండ హన ఎలా మర్చిపోతారు? ముక్కుకి కూడా హనే, పూల వాసన చూసేది అదే కాబట్టి రెండో కథ అక్కర్లేకపోయింది.

త్సు అనే అక్షరం దగ్గర ఇంగ్లిష్ వాళ్ళ నాలుక మడత పడుతుంది. మనం చుక్క, చలి, చాలు అన్నప్పుడు పలికే చ ఉంది చూడండి, అదే దాని మొదటి సగం. చంద్రుడికి త్సుకి. చుక్కల మధ్య చందమామ.

ఇవన్నీ వానికానిలో పెట్టుకోవచ్చా అంటే, పెట్టుకోవచ్చు, దానికి మార్కులివ్వాల్సిందే. ప్రతి కాంజీ కింద అర్థానికి ఒకటి, పలుకుకి ఒకటి నోట్ రాసుకునే చోటుంది. జవాబుకి మన సొంత పర్యాయపదం కూడా చేర్చుకోవచ్చు, నేను ఇంగ్లిష్ అక్షరాల్లోనే చెట్టు, కొండ, అడవి అని చేర్చుకున్నా. ఇది చేయకపోతే ఏమవుతుందంటే, మీకు జపనీస్ మాట అర్థం తెలుసు, తెలుగులో నోటి మీదికి వచ్చేసింది కూడా, కానీ వాళ్ళు అనుకున్న ఇంగ్లిష్ మాట తట్టక తప్పు పడుతుంది. చిన్న స్పెల్లింగ్ తప్పుల్ని పట్టించుకోదు, అది నయం, కానీ దగ్గరి అర్థమున్న వేరే మాట రాస్తే చాలాసార్లు ఒప్పుకోదు. జపనీస్ పరీక్ష కాస్తా ఇంగ్లిష్ పరీక్ష అవుతుంది. మీ మాటలు మీరు చేర్చుకుంటూ పోతే ఈ గోల సగానికి తగ్గుతుంది.

ఒకటి మాత్రం గమనించండి, అన్నిటికీ కథ అక్కర్లేదు. నీలం అనే కాంజీ పలుకు సే. దాని పక్కన నీటి చుక్కలు పెడితే శుభ్రం, సూర్యుణ్ణి పెడితే ఆకాశం తేటపడటం, మాట అనే ముక్క పెడితే అడగడం, అన్నిటికీ పలుకు సేనే. ఒక పక్క అర్థం చెబుతుంది, ఇంకో పక్క పలుకు చెబుతుంది, కాంజీల్లో చాలా పెద్ద భాగం ఇలా కట్టినవే. ఈ సంగతి తెలిశాక ఒక్క సేమియా కథతో కుటుంబం మొత్తం వచ్చేస్తుంది, విడివిడిగా కథలు అల్లుకుంటూ పోతే అల్లేవాడికే గుర్తుండవు.

ఇబ్బందుల విషయానికొస్తే, మొదటి లెవెళ్ళు నత్తనడక. మీకు ముందే రెండు వందల కాంజీలు వచ్చినా సరే, మొదటి నుంచే రావాలి, దాటేసే దారి లేదు. చేత్తో రాయడం నేర్పదు, వ్యాకరణం నేర్పదు. వ్యాకరణం గురించి నాకు దిగులు లేదు, క్రియ చివర్న రావడం, విభక్తి నామం వెనక అతుక్కోవడం మన తెలుగు లాగే ఉంటుంది, ఆ పుస్తకం మనం ఇంగ్లిష్ వాళ్ళకన్నా తొందరగా దాటేస్తాం. ఇంకొకటి, నాలుగు రోజులు పెళ్ళికో జాతరకో పోయి వస్తే వందల్లో రివ్యూలు కూర్చుని ఉంటాయి. సెలవు పెట్టుకునే ఆప్షన్ సెట్టింగ్స్‌లో ఉంది, పోయే ముందే నొక్కి పోండి.

ధర నెలకి 9 డాలర్లు, ఏడాదికి 89, జీవితాంతానికి 299. నెల లెక్కన చూస్తే మన డబ్బుల్లో ఎనిమిది వందల దగ్గర్లో పడుతుంది, హనమకొండలో ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్లలకి అది తక్కువేం కాదు. మొదటి మూడు లెవెళ్ళు ఫ్రీ, అవి పూర్తయ్యేదాకా కార్డు బయటికి తీయకండి. ఎలాగూ ఏళ్ళ తరబడి చదవాలనుకుంటే డిసెంబరు చివరి దాకా ఆగండి, జీవితాంతం ప్లాన్ మీద తగ్గింపు ఇస్తుంటారు. అసలు డబ్బే పెట్టలేం అంటే అంకి అనే యాప్ ఉంది, కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఫ్రీ, ఐఫోన్‌లో మాత్రం కొనుక్కోవాలి. లెక్క అదే తరహా, కాకపోతే కార్డులు మీరే తయారు చేసుకోవాలి, ఏది ముందు నేర్చుకోవాలో కూడా మీరే తేల్చుకోవాలి. మా చెల్లి ఇప్పుడు అదే వాడుతోంది, తెలుగు కథలన్నీ కార్డు వెనక తెలుగులోనే రాసుకుంటోంది, ఎన్4 వరకు తనకి అది చాలు. ఇంకా కష్టమైన ఎన్2 దాకా పోవాలనుకునే నాలాంటి బద్ధకస్తులకి వానికానినే నయం.

ఇంకా తెగని పలుకు ఒకటి మిగిలింది, ర్యో. ఫీజు, పరిమాణం, వైద్యం, మంచి, ఇలా బోలెడు కాంజీలకి అదే పలుకు, నర్సింగ్ మాటల్లో అడుగడుగునా తగులుతుంది, దానికి తెలుగులో అతికే మాట మా ఇద్దరికీ తట్టలేదు. మీకెవరికైనా తడితే చెప్పండి.