చెట్టు కింద ఆపే కారుకు ఏ సీసా కొనాలి

కారు మీద చెట్టు జిగురు పడిందంటే ఎవరైనా ఇచ్చే సలహా ఒకటే, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, అంటే స్పిరిట్‌తో తుడవమని. ఆ సలహా పైన్ చెట్లున్న దేశాల నుంచి వచ్చింది. పైన్ నుంచి కారేది రెజిన్. అది స్పిరిట్‌లో కరుగుతుంది. మన విశాఖలో సీతమ్మధారలోనో ఎంవీపీ కాలనీలోనో వేప చెట్టు కింద ఆపిన కారు మీద పడేది బంక. అది నీళ్లలో కరుగుతుంది కానీ స్పిరిట్‌లో కరగదు. ఎంత రుద్దినా బొట్టు కదలదు, చుట్టూ ఉన్న పెయింట్ మీద మాత్రం గీతలు పడతాయి. అందుకే కారు షాంపూ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, తారు మరకలు తీసే ద్రావకం తార్ రిమూవర్, పెయింట్ మీది గరుకును లాగేసే మెత్తటి మట్టి ముద్ద క్లే బార్, ఈ నాలుగింటినీ మన చెట్లకు పెట్టి చూడాలి.

ముందు మరకేదో తెలుసుకోవాలి. తేనె రంగులో గట్టిపడి, లోపలికి వెలుతురు పోయేలా ఉంటే అది వేప బంకో తుమ్మ బంకో అయివుంటుంది. మామిడి పూత రోజుల్లో కారంతా సన్నని తుంపర పడి చెయ్యి జిగటగా అంటుకుంటే అది చెట్టు కార్చింది కాదు. పూతను పీల్చే తేనెమంచు పురుగు వదిలిన చక్కెర ద్రవం. కొన్నాళ్లు వదిలేస్తే దాని మీద మసి తెగులు పట్టి నల్లబడుతుంది. కాయలు దిగే వేళ తొడిమ నుంచి కారే మామిడి సొన ఇంకోటి. అందులో నూనె ఉంటుంది, ఆమ్లగుణమూ ఉంటుంది. కాయ తొక్కనే కాల్చి నల్లమచ్చ చేసే సొన, ఎండలో పెయింట్ మీద ఉండిపోతే అక్కడా మచ్చ పెడుతుంది. మర్రి, రావి, ఏడాకుల పాల చెట్ల నుంచి తెల్లగా కారి, ఎండాక గోధుమ రంగు రబ్బరు పొరలా సాగేవి పాలు. కరెంటు తీగల కోసం కొమ్మలు నరికిన రోజు ఆ చెట్ల కింద కారు ఉంచకపోవడమే మేలు.

కారు షాంపూకే మా మొదటి ఓటు. బంకకూ తేనెమంచుకూ ఇది చాలు. పీహెచ్ న్యూట్రల్ (ఆమ్లమూ క్షారమూ కానిది) అని రాసి ఉన్నది కొనండి. సీసా మీది కొలత ప్రకారం, చెయ్యి పెట్టగలిగే వేడి నీళ్లలో, అంటే 45 డిగ్రీల దగ్గర కలపాలి. కారు నీడలో ఉండాలి, బానెట్ చేతికి చల్లగా తగలాలి. ముందు మామూలు నీళ్లతో ధూళి అంతా కడిగేయండి. ఈ ఊళ్లో ఇది తప్పించుకోలేని పని. పోర్టు వైపు నుంచి వచ్చే బొగ్గు, ఖనిజం ధూళి జిగురులో కూరుకుపోయి ఉంటుంది, దాన్ని అలాగే రుద్దితే గరుకు కాగితంతో రుద్దినట్టే. తర్వాత మైక్రోఫైబర్ గుడ్డను ఆ వేడి షాంపూ నీళ్లలో ముంచి బొట్టు మీద పరిచి 5 నుంచి 10 నిమిషాలు వదిలేయండి. గుడ్డ చల్లారితే మళ్లీ ముంచండి. బంక ముందు ఉబ్బి జెల్లీలా అవుతుంది, అప్పుడు వేలి మొనతో నెడితే జారిపోతుంది. ఉబ్బకముందే గోకితే గట్టి అంచు క్లియర్ కోట్‌ను, అంటే రంగు మీద ఉండే పారదర్శక పొరను గీస్తుంది. చాలామంది పని చెడగొట్టుకునేది ఈ తొందరతోనే. గిన్నెలు తోమే లిక్విడ్‌తోనూ బంక పోతుంది, కానీ పెయింట్‌ను కాపాడే వ్యాక్స్ పూత కూడా దాంతో పాటే పోతుంది.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 70 శాతంది మెడికల్ షాపుల్లో, సర్జికల్ సరుకు అమ్మేచోట దొరుకుతుంది. మామిడి సొన మీద బాగా పనిచేస్తుంది. గుడ్డ తడిపి మరక మీద 30 సెకన్లు ఉంచి, ఒకే దిశలో తుడిచి, వెంటనే నీళ్లతో కడగాలి. అవసరమైతే ఇంకోసారి చేయండి గానీ, గుడ్డను నిమిషాల తరబడి అక్కడే వదలకండి. రీపెయింట్ చేసిన డోరూ బంపరూ అయితే ముందు కనపడని మూల పరీక్షించండి, కొత్త పెయింట్ పూర్తిగా గట్టిపడకపోతే మెత్తబడుతుంది. దీని బదులు చేతుల శానిటైజర్ వాడొద్దు, అందులోని గ్లిజరిన్, జెల్ పెయింట్ మీద జిడ్డు పొర వదులుతాయి.

మర్రి పాలకూ, ఏడాకుల పాల చెట్టు మరకలకూ తార్ రిమూవరే సరైనది. నీళ్లు, స్పిరిట్ ఆ రబ్బరు పొరను పెద్దగా కదిలించలేవు, పెట్రోలియం ద్రావకం మెత్తబరుస్తుంది. గాజువాక ఆటోనగర్ లాంటి చోట ఏ బ్రాండ్ అడిగినా, సీసా మీద 'క్లియర్ కోట్‌కు సురక్షితం' అనే మాట ఉందో లేదో చూసి కొనండి. గుడ్డ మీద కొద్దిగా తీసుకుని మరక మీద ఒక నిమిషం అద్ది, పొర ముడతలు పడగానే ఎత్తేయాలి. తర్వాత షాంపూతో కడిగి తీరాలి, లేకపోతే మిగిలిన నూనెకు ధూళి పడుతుంది. కిటికీ రబ్బర్లకూ, నల్ల ప్లాస్టిక్‌కూ, హెడ్‌లైట్లకూ తగలనివ్వకండి. ఈ పనికి మన దగ్గర కిరోసిన్, డీజిల్ వాడే అలవాటు ఉంది. మరక మెత్తబడుతుంది, నిజమే. కానీ వదిలే జిడ్డు చాలా ఎక్కువ. పెట్రోల్ మాట అసలు ఎత్తకండి, నిప్పు ప్రమాదం. గోళ్ల రంగు తీసే ద్రావకంలో అసిటోన్ ఉంటే పెయింటు మెత్తబడుతుంది, హెడ్‌లైట్ ప్లాస్టిక్‌కు సన్న పగుళ్లు వస్తాయి.

క్లే బార్‌ను కొందరు మొదటి మందుగా అమ్ముతున్నారు. అది తప్పు. గట్టి బొట్టు ఉన్న చోట క్లే రుద్దితే ఆ బొట్టే విరిగి పెయింట్ మీద దొర్లుతుంది. మరక తీసేశాక చెయ్యి పల్చని పాలిథిన్ సంచిలో పెట్టి నిమిరితే ఇంకా గరగరలాడుతుంటే, అప్పుడు ఫైన్ గ్రేడ్ క్లే తీయండి. నిమ్మకాయంత ముక్క చాలు. రెండు అంగుళాల బిళ్లగా నొక్కి, ల్యూబ్ (క్లే జారడానికి చల్లే ద్రవం) ధారాళంగా చల్లి, నిలువుగా అడ్డంగా మాత్రమే జరపాలి. గుండ్రంగా తిప్పొద్దు. మురికి పట్టిన వైపును లోపలికి మడవండి. నేల మీద పడితే ఆ ముక్క పారేయాల్సిందే, ఇసుక రేణువు ఒక్కటి చాలు గీత పడటానికి. మెగ్వైర్స్ క్లే కిట్‌లో క్లేతో పాటు ల్యూబ్‌గా వాడే స్ప్రే, తుడిచే గుడ్డ కూడా వస్తాయి, మొదటిసారి చేసేవారికి అది సులువు.

ఇంత చేశాక కూడా బొట్టు ఆకారంలో మచ్చ మిగిలి, వేలికి ఏమీ తగలకుండా వాలుగా చూస్తేనే కనిపిస్తే, అది క్లియర్ కోట్‌లోకి దిగిన మచ్చ. దాన్ని ఏ ద్రావకమూ తీయలేదు, పాలిష్ చేయాలి. క్లియర్ కోట్ మందం సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది, ఒకసారి పాలిష్ చేస్తే అందులో కొంత పోతుంది. కారుకు మెరుగు పెట్టే డీటెయిలింగ్ సెంటర్‌కు వెళ్తే మొదట అడగాల్సింది ధర కాదు, పెయింట్ మందం కొలిచే మీటర్ ఉందా అని. లేదని చెబితే, లేదా కొలవకుండానే ఉన్ని ప్యాడ్, రబ్బింగ్ కాంపౌండ్ తీస్తుంటే బయటికి వచ్చేయండి. మెత్తటి ఫోమ్ ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్‌తో మొదలుపెట్టి, చాలకపోతేనే ఒక మెట్టు పైకి వెళ్లేవాళ్లకు పని అప్పగించండి.

స్పిరిట్, తార్ రిమూవర్, క్లే ఏది వాడినా అక్కడి వ్యాక్స్ పోతుంది కాబట్టి అదే రోజు మళ్లీ పెట్టాలి. మన ఎండకు, ఉప్పుగాలికి తాటి జాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా వ్యాక్స్ నెలా రెండు నెలలకు మించి నమ్మదగ్గది కాదు. కృత్రిమ రక్షణ పూత అయిన సింథటిక్ సీలెంట్ అంతకంటే ఎక్కువ కాలం నిలుస్తుంది, చెట్టు కింద రోజూ ఆపేవారికి మా సలహా అదే. సిరామిక్ కోటింగ్ వేయించినా సొనను రోజుల తరబడి వదిలేస్తే మచ్చ పడుతుంది. కోటింగ్ వల్ల లాభం, కడిగితే త్వరగా వదలడం.

కారు కవర్ కొనేటప్పుడు గాలి ఆడే రకం, లోపల మెత్తటి గుడ్డ ఉన్నది ఎంచుకోండి. ధూళి మీద కప్పితే సముద్రపు గాలికి రెపరెపలాడుతూ అదే రుద్దుతుంది. తడి కారుకు కప్పితే లోపల ఆవిరి పడుతుంది. బీచ్ రోడ్డు వైపు సరుగుడు కింద ఆపేవారు వైపర్ల కింది గాడిని వారానికోసారి చూడండి. సూదుల్లాంటి ఆకులు జిగురుతో ముద్దై నీళ్లు పోయే రంధ్రాన్ని మూసేస్తాయి. వైపర్ బ్లేడుకు అంటిన జిగురును స్పిరిట్ గుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు, అద్దం మీది ఎండిన బొట్టును షాంపూ నీళ్లతో తడిపి కొత్త రేజర్ బ్లేడు ఏటవాలుగా పెట్టి ఎత్తొచ్చు. అద్దానికి మాత్రమే, పెయింట్ దగ్గరికి ఆ బ్లేడు రాకూడదు.